శుక్రవారం తుక్కు

మీ మొదటి ఖాతా తెరుచుకోండి అని కంప్యూటర్ ఇంగ్లీషులో మర్యాదగా అడిగేసరికి నాకు ముందు నవ్వొచ్చింది. మొదటి ఖాతా ఏమిటి, నా మొహం. ఆ కుర్చీలో కూర్చుని నా జుట్టు సగం నెరిసింది. ఆ మెయిల్ ప్రోగ్రాంలో ఎన్ని వేల ఉత్తరాలున్నాయో నాకే తెలీదు. ఎడమవైపు ఎప్పుడూ నిలువునా పేర్లు బారులు తీరి ఉండేవి. పోర్టు వాళ్ళవి ఒక ఫోల్డరు, స్టీల్ ప్లాంటు వాళ్ళవి ఒకటి, చేపల బోట్ల వాళ్ళవి ఒకటి, అన్నిటికంటే కింద బావది. అటు చూశాను. తెల్లగా ఉంది. సున్నం వేసిన గోడలా ఉంది.

నవ్వు అక్కడే ఆగిపోయింది.

మాది ఆటోనగర్‌లో ఒక చిన్న మెషీన్ షాపు. మాది అంటున్నాను గానీ మా బావది. బావంటే మా అప్ప భర్త. అక్కని మా వైపు అప్ప అంటాం. ఆయన లేత్ మీద షాఫ్టులు, బుష్‌లు తిప్పిస్తాడు. నేను అద్దాల గదిలో కూర్చుని డ్రాయింగులు, కొటేషన్లు, ఉత్తరాలు చూసుకుంటాను. షాపులో అందరూ ఆయన్ని బావా అనే పిలుస్తారు. ఆయన కంటే పెద్దవాళ్ళు కూడా అంతే.

ఆ వారం మెయిల్ ప్రోగ్రాం దానంతటదే కొత్త వెర్షన్‌కి మారిపోయింది. ఎవడు మారమన్నాడో తెలీదు. అక్షరాలు చీమల్లా అయిపోయాయి, ఉండాల్సిన బటన్లు ఉండాల్సిన చోట లేవు. అంతవరకూ ఓర్చుకున్నాను. కానీ ఉత్తరంతో వచ్చిన డ్రాయింగు ప్రింటు తీస్తే కుడివైపు అంచు తెగిపోయి వస్తోంది. తెగిపోయిన అంచులోనే కొలతలుంటాయి. అది చూసి బావకి చిర్రెత్తింది. జేబులోంచి సుద్దముక్క తీసి, మెడలో పలకలా వేలాడేసుకునే చిన్న రేకు మీద రాసి నా మొహం ముందు పెట్టాడు.

"కుదరకపోతే పాతది బిగించీ."

ఆయన సిద్ధాంతం అదే. కొత్త బేరింగు తెచ్చావు, కూర్చోలేదు, పాతది బిగించి బండి నడుపు. నాకూ సబబుగానే అనిపించింది. పాత వెర్షన్ ఫైలు నా దగ్గరే ఉంది. కొత్తది తీసేసి పాతది ఎక్కించాను. తెరవగానే ఏదో పెట్టె వచ్చింది. ఈ ఉత్తరాల్ని ఇంతకంటే కొత్త వెర్షన్‌లో వాడావు, నేను వీటిని తెరవలేను, కొత్తగా మొదలుపెడతావా, బయటికి పోతావా అని దాని సారాంశం. నేను సారాంశం దాకా చదవలేదు. కొత్తగా మొదలుపెట్టు అన్నదాని మీద నొక్కేశాను. శుక్రవారం పొద్దున్నే, టిఫిన్ కూడా అరక్కముందు జరిగిన ఘనకార్యం అది.

తర్వాత ఏం చేశానో చెబితే ఇంకా సిగ్గు. ఖాతా వివరాలే కదా పోయింది, మళ్ళీ ఇస్తే సరి అనుకుని, అడ్రసు, పాస్‌వర్డు, సర్వర్ పేరు, పోర్టు నంబరు అన్నీ వెతికి వెతికి కొట్టాను. తీసుకుంది. గిరగిరా తిరిగింది. ఉత్తరాలొచ్చాయి. బేరింగుల అమ్మకం ప్రకటన ఒకటి, కరెంటాఫీసు వాళ్ళది ఒకటి. అంతే. మళ్ళీ తిప్పాను. అంతే.

అప్పుడు గుర్తొచ్చింది. మా సర్వర్‌లో చోటు తక్కువ. నిండిపోయి, వచ్చే ఉత్తరాలు వెనక్కి పోతున్నాయని, కంప్యూటర్లోకి దిగిన ప్రతి ఉత్తరం సర్వర్ నుంచి చెరిగిపోయేలా ఎప్పుడో నేనే పెట్టాను. అంటే ఉన్న కాపీ అంతా ఈ డబ్బాలోనే. ఈ డబ్బా ఏమో మీ మొదటి ఖాతా అంటోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

పోర్టు వాళ్ళ ఉత్తరాలు పోతే పోనీ, మళ్ళీ అడుగుతాను, నాలుగు తిట్లు తింటాను. స్టీల్ ప్లాంటు వాళ్ళవీ అంతే. కింద ఉండే ఆ బావ ఫోల్డరు సంగతి అలా కాదు. అందులో బావ గొంతు ఉంది.

బావకి చదవడం రాయడం వచ్చు గానీ ఫోన్లో టైపు కొట్టమంటే ఆయన వేళ్ళకి అక్షరాలు ఆనవు. బయట పనికి వెళ్ళినప్పుడు ఓడ ఇంజన్ రూములోంచి, కన్వేయర్ల దగ్గర్నుంచి ఫోన్ చేసి కొలతలు అరిచేవాడు. సాయంత్రం వచ్చి ఇద్దరం కొట్టుకునేవాళ్ళం. రెండు ఎంఎం ఎక్కువ వదలమన్నాను, వదల్లేదు అని ఆయన, నువ్వు అనలేదు అని నేను. ఒకసారి మొత్తం షాఫ్టు తుక్కయ్యాక నేనొక పద్ధతి పెట్టాను. కొలత ఏదైనా సరే, ఫోన్లో రికార్డు చేసి ఆఫీసు మెయిలుకి పంపు. వాట్సాప్‌లో వద్దన్నాను, ఎందుకంటే ఆయన ఫోను ఏడాదికొకసారైనా లేత్ కింద నూనె నీళ్ళలో మునుగుతుంది, దాంతో పాటు అన్నీ పోతాయి. మెయిల్లో అయితే ఉంటుంది, ఎవరు తప్పో తేలుతుంది. అలా ఏళ్ళ తరబడి పంపాడు. కొలత, మధ్యలో నాకు తిట్లు, చివర ఎప్పుడూ ఒకటే మాట. షాపులో వాళ్ళు తిన్నారా అని.

తర్వాత గొంతులో గడ్డ అన్నారు. ఆపరేషన్లో స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద చిన్న కన్నం, దాని మీద ఎప్పుడూ ఒక తెల్ల గుడ్డ. ఆటోనగర్‌లో మూడో సందు దాకా వినబడే మనిషి ఆ తర్వాత ఒక్క ముక్క మాట్లాడలేదు. మెడ దగ్గర పెట్టుకుంటే మాట వచ్చే మిషన్ ఒకటి ఇచ్చారు గానీ, అందులోంచి వచ్చే చప్పుడు విని ఆయనే దడుచుకుని బీరువాలో పెట్టేశాడు. షాపులో ఎవర్నయినా పిలవాలంటే వేలాడదీసిన ఇనప పలక మీద పానాతో కొడతాడు. చెప్పాల్సింది సుద్దతో రాస్తాడు.

ఈలోగా మా మేనకోడలికి ఆనందపురంలో అత్తారింట కూతురు పుట్టింది. ఆ పిల్ల పుట్టేసరికే తాత గొంతు లేదు. ఆ శుక్రవారానికి ముందు రోజే అప్ప నాతో అంది.

"ఆదివారం పాపని తెత్తారంట తమ్ముడూ. మీ బావ మాట్లాడినియ్యి నీ కాడ ఉన్నాయన్నావు కదా, ఒకటి నా ఫోన్లో ఎయ్యి. పిల్లదానికి తాత గొంతు ఎలగుంటాదో తెలవాలి కదా."

అంత చిన్న కోరిక. అందులో కష్టమేముంది, రేపు వేసేస్తాను అన్నాను. ఆ రేపు ఇదే.

గంటసేపు తిట్టుకుంటూ ఇంటర్నెట్‌లో వెతికాను. నాలాంటి వెర్రిబాగులవాళ్ళు ప్రపంచం నిండా ఉన్నారని అక్కడ తెలిసింది. అందరూ వెనక్కి వెళ్ళినవాళ్ళే, అందరికీ తెల్లగోడే కనబడింది. వాళ్ళకి ఎవరో ఓపికగా చెప్పిన జవాబు ఏమిటంటే, ఉత్తరాలు ఎక్కడికీ పోలేదు, ప్రోగ్రాం భయపడి కొత్త ఫోల్డరు ఒకటి చేసుకుని అందులో కూర్చుంది, పాత ఫోల్డరు పక్కనే ఉంటుంది, చూడు. చూశాను. కంప్యూటర్ లోతుల్లో ఎక్కడో రెండు ఫోల్డర్లు. రెండిటికీ పేర్లు పిల్లి కీబోర్డు మీద నడిచినట్టున్నాయి. ఒకదాని మీద ఆ రోజు తేదీ, రెండోదాని మీద నిన్నటిది. నిన్నటిది లోపల బ్రహ్మాండమంత బరువు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

అద్దం మీద కొట్టి బావని లోపలికి పిలిచి చూపించాను.

"పాతదీ ఉంది, కొత్తదీ ఉంది బావా. తినేసొచ్చి సరిసేత్తాను."

తల ఊపాడు. ఆపరేషన్ తర్వాత ఆయనకి మింగడం నిదానం, భోజనం ఎప్పుడూ ఆలస్యమే, షాపులోనే. నేను గాజువాకలో అప్ప వాళ్ళ ఇంటికెళ్ళి తింటాను. ఆ రోజు నడక కూడా తేలిగ్గా ఉంది. అప్ప చేపల పులుసు వడ్డించలేదు, శుక్రవారం కాబట్టి పప్పుచారు, వంకాయ వేపుడు. అడక్కముందే చెప్పాను, గొంతు దొరికింది, సాయంత్రం ఫోన్లో వేసి తెస్తానని. అప్ప గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"తిట్లు లేనిది సూసి ఎయ్యి," అంది. "పసిపిల్ల."

వెంటనే కూతురికి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పడం కూడా అయిపోయింది. నేను రెండోసారి అన్నం పెట్టించుకుని మరీ తిన్నాను.

షాపుకి తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంటే తెర మీద ఒక్కటే ఫోల్డరు ఉంది.

కళ్ళు నులుముకున్నాను. ఒక్కటే. దాని మీద ఆ రోజు తేదీ. నిన్నటిది లేదు. పైకి వెళ్ళి చూశాను, కిందికి వచ్చి చూశాను. తలెత్తితే అద్దం అవతల బావ నా వైపే చూస్తున్నాడు. లోపలికొచ్చి, మంచి పని చేసినవాడి మొహంతో రేకు చూపించాడు.

"పాతది తీసీసాను."

నాకు కాసేపు ఆ రాసింది అర్థం కాలేదు. చదువుతున్నాను గానీ బుర్రలోకి ఎక్కడం లేదు. తర్వాత ఎక్కింది. మా షాపులో ఒక నియమం ఉంది. కొత్త భాగం బిగించాక విప్పిన పాత భాగం మెషీన్ దగ్గర నిమిషం ఉండకూడదు, వెంటనే తుక్కు కుప్పలోకి వెళ్ళాలి. ఒకప్పుడెవరో అరిగిపోయిన బేరింగు కొత్తదనుకుని బిగించి ఓడ వాళ్ళ పంపు బిగుసుకుపోయింది. అప్పట్నుంచి బావ ఈ విషయంలో రాక్షసుడు. పాతదీ ఉంది, కొత్తదీ ఉంది అని నేను ఆయనకి చూపించాను. ఆయన తేదీలు చూసుకుని, నియమం ప్రకారం పాతది తీసి పారేశాడు. మౌసు వాడటం నేర్పింది కూడా నేనే.

"బావా," అన్నాను. "అందులో నీ గొంతుంది."

ఆయనకి అర్థం కాలేదు. చెయ్యి మెడ మీది గుడ్డ దగ్గరికి వెళ్ళింది, ఇక్కడా అన్నట్టు.

"నువ్వు పంపిన కొలతలన్నీ. నువ్వు మాట్లాడినియ్యన్నీ. అందులోనే ఉన్నాయి. అప్ప పాపకి ఇనిపిత్తానంది. ఒకటే ఉంది బావా, ఇంకెక్కడా నేదు."

బావ మొహంలో రక్తం దిగిపోవడం నేను చూశాను. ఆపరేషన్ ముందు డాక్టరు సంగతి చెప్పినప్పుడు కూడా ఆయన అలా అయిపోలేదు, ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. స్టూలు మీద కూలబడ్డాడు. ఆ గొంతు అలా దాగి ఉందని అప్పటిదాకా ఆయనకి తోచినట్టే లేదు. ఆయనకది కొలత, పంపాడు, పనయిపోయింది, అంతే.

కంప్యూటర్లో పారేసింది ముందు చెత్తబుట్టలోకి వెళ్తుందని నాకు తెలీక కాదు. బావ అలవాటు తెలిసే నాకు ఆశ లేదు. ఆ బుట్ట బొమ్మలో కాగితం ఉండ కనబడితే ఆయనకి కన్ను పొడిచినట్టుంటుంది. ఎప్పుడు ఈ గదిలోకొచ్చినా నా భుజం మీంచి చెయ్యి చాపి బుట్ట ఖాళీ చేసి పోతాడు. నా ఫైళ్ళు ఎన్నో అలా పోయాయి, ఎన్నో యుద్ధాలు జరిగాయి. అయినా అడిగాను.

"బుట్ట కూడా కాళీ సేసీసావేటి?"

బావ తలెత్తి నన్ను చూశాడు. అంత దుఃఖంలోనూ, వీడికి మతి గాని పోయిందా అన్నట్టు చూశాడు. సుద్ద తీసుకున్నాడు. అక్షరాలు వంకరపోయాయి.

"ఇయాల శుక్రవారం కాదేటి?"

మంగళవారం, శుక్రవారం మా షాపు నుంచి తుక్కు బయటికి పోదు. తుక్కు కొనేవాడు గేటు ముందు బండి పెట్టుకుని గంట బతిమాలినా బావ కదలడు. ఇంట్లో అప్ప ఆ రెండు రోజులూ పొరుగింటికి చిటికెడు ఉప్పయినా ఇవ్వదు, లక్ష్మి వెళ్ళిపోతుందని. కుప్పలో వెయ్యొచ్చు, గేటు దాటించకూడదు. బావ లెక్కలో కంప్యూటర్ బుట్ట కూడా కుప్పే. ఈ అలవాటు మీద నేను ఎన్నిసార్లు వెక్కిరించానో, ఎన్ని మంచి బేరాలు పోయాయని ఆయన మీద ఎగిరానో చెప్పలేను.

బుట్ట తెరిచాను. ఉంది. పిల్లి నడిచిన పేరుతో, నిన్నటి తేదీతో, బ్రహ్మాండమంత బరువుతో ఉంది. తిరిగి యథాస్థానానికి పంపమని నొక్కి, అది వెళ్ళేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టుకున్నాం. బావ అయితే మెడ మీది గుడ్డని అరచేత్తో అదిమి పెట్టుకున్నాడు.

ఇక పాత వెర్షన్ మోజు నాకు పోయింది. అక్షరాలు చీమలైతే అవనీ, అంచులు తెగితే తెగనీ. కొత్త వెర్షన్ మళ్ళీ ఎక్కించాను. ఏ ఫోల్డరు తెరవాలో ముందే అడిగే పెట్టె ఒకటుంటుందని పొద్దున్న చదివాను, దాన్ని పిలిచి, ఈసారి ప్రతి అక్షరం పైకి చదువుకుంటూ, నిన్నటిదాన్ని ఎంచుకున్నాను. తెల్లగోడ పోయింది. పోర్టు, స్టీల్ ప్లాంటు, చేపల బోట్లు. అడ్రసు, పాస్‌వర్డు, సర్వరు, సంతకం అన్నీ దేని చోట అవి ఉన్నాయి. కింద బావ.

ఏదో ఒకటి నొక్కాను. లేత్ చప్పుడులో వినబడాలని స్పీకర్లు ఎప్పుడూ పూర్తిగా పెంచే ఉంటాయి, ఆ సంగతి మర్చిపోయాను.

"ఒరే బావమర్దీ, రాసుకో. రెండు ఎంఎం ఎక్కువ వదులు. వదులు అన్నాను, మల్లా నా మీద తొయ్యకు, సంపేత్తాను. ఇక్కడ లోపల ఉడికిపోతన్నాను. ఆ పెద్ద లేత్ కాడున్నోల్లు తిన్నారేటి?"

గది అద్దాలు అదిరాయి. పెద్ద లేత్ దగ్గర పనిచేసే ఆయన మా షాపు పెట్టినప్పట్నుంచి ఉన్నాడు. పని మీంచి తల తిప్పకుండానే, ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పాడు.

"తిన్నాం బావా."

చెప్పాక ఆయన చేతులు ఆగాయి. మెషీన్ ఆపేశాడు. మెల్లగా వెనక్కి తిరిగి అద్దాల గది వైపు చూశాడు. పక్క మెషీన్లు కూడా ఒకటొకటే ఆగిపోయాయి. అంతమంది మొహాల మీద ఒకే రకం భయం, చనిపోయినవాళ్ళు పిలిస్తే ఉండేలాంటిది, కానీ మనిషి ఎదురుగా స్టూలు మీదే ఉన్నాడు. మామూలుగా అయితే పని ఆపినందుకు పానా తీసుకుని పలక వాయించేవాడు. బావ కదల్లేదు. కాసేపయ్యాక రేకు తుడిచి ఏదో రాశాడు.

"నేనింత గట్టిగా అరిసీవోన్నా?"

అవునన్నాను.

తిట్లు లేనిది వెతకడానికి మర్నాడంతా సరిపోయింది. ఒక్కటీ లేదు. అన్నిటికంటే తక్కువ తిట్టినది, ఒకే ఒక్క వెధవ అన్న తిట్టు ఉన్నది, అప్ప ఫోన్లో వేసి ఇచ్చాను. వేసేముందు మొత్తం ఫోల్డరు కాపీ చేసి ఒకటి మా ఇంట్లో, ఒకటి అప్ప బీరువాలో, పసుపు కుంకాల డబ్బా పక్కన పెట్టాను.

ఆదివారం పాపని తీసుకొచ్చారు. ముందు గదిలో బావ కింద చాప మీద కూర్చుని దాన్ని ఒళ్ళో నిలబెట్టుకున్నాడు. కొత్త మనిషి దగ్గర ఉన్నట్టు అది ఆయన్ని అనుమానంగా చూస్తోంది. మెడ మీది గుడ్డ పీకబోతే మా మేనకోడలు చెయ్యి పట్టుకుంది. అప్ప ఫోను తెచ్చి, "ఇదిగో, తాత మాట్లాడతన్నాడు ఇను," అని దాని చెవి దగ్గర పెట్టబోయింది. నాకు లోపల గుబులుగా ఉంది. పిల్ల ఫోను వైపు చూస్తుంది, డబ్బాలోంచి ఎవరో అరుస్తున్నారనుకుని ఏడుస్తుంది, ఇంత హైరానా పడింది దీనికా అనిపిస్తుంది.

బావ అప్ప చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. దాన్ని నా చేతికిచ్చి, తన వీపు వెనక్కి వెళ్ళి కూర్చోమని సైగ చేశాడు. ఎందుకో తెలియకుండానే వెళ్ళి కూర్చున్నాను. ఊఁ అన్నట్టు తల ఊపాడు. నొక్కాను.

"బుష్ లోపల కొలత రాసుకో. తొందరేం నేదు, నిదానంగా రాసుకో."

బావ పెదాలు కదులుతున్నాయి. ముక్క తప్పకుండా కదులుతున్నాయి. ఆ కొలత ఏనాటిదో, ఏ ఓడదో నాకే గుర్తులేదు, ఆయన మాత్రం తను ఎక్కడ ఆగాడో అక్కడ ఆగుతూ, ఎక్కడ దగ్గాడో అక్కడ దగ్గినట్టు నోరు తెరుస్తూ, పాప మొహంలోకి చూసి మాట్లాడుతున్నాడు. అప్ప కొంగు నోట్లో కుక్కుకుంది. అంతకు ముందు రాత్రంతా అప్ప ఫోను ఆయన దగ్గరే ఉందని, దుప్పటి కప్పుకుని వింటూ పడుకున్నాడని తర్వాత చెప్పింది. నేను భయపడ్డ ఆ వెధవ అన్న మాట వచ్చే చోట చప్పున పెదాలు మూసుకుని చిన్నగా దగ్గినట్టు నటించాడు.

పాప ఆయన నోటి వైపే చూస్తోంది. ఫోను ఉన్న సంగతే దానికి తెలీదు.

"సరే మరి, ఉంతాను. తిన్నారేటి అందరూ? తిన్నావేటి నువ్వు?"

గొంతు ఆగిపోయింది. పెదాలు ఆగిపోయాయి. పాప కాసేపు చూసింది. తర్వాత చిన్న అరచేత్తో తాత నోటి మీద తట్టింది, ఇంకా అన్నట్టు. ఆయన కదలకుండా ఉంటే మళ్ళీ తట్టింది.

బావ చెయ్యి వెనక్కి చాపి నా మోకాలు గిల్లాడు. నేను మళ్ళీ నొక్కాను.